ఎలెన్ మాట ఎవరు విన్నారు?

రాబర్ట్ ఎగ్గర్స్ 2024లో మళ్ళీ తీసిన ‘నోస్ఫెరాటు’ మీద సమీక్షలు చదువుతుంటే విసుగొచ్చింది. ఎక్కువగా ఆ కొవ్వొత్తి వెలుగు, ఆ నీడలు, ఆ మంచు గురించే. ఆస్కార్ నామినేషన్లు నాలుగూ ఛాయాగ్రహణం, కళ, దుస్తులు, మేకప్‌లకే. అందమైన సినిమానే, కాదనను. మొదటిసారి నేనూ ఆ వెలుగునే చూస్తూ కూర్చున్నాను.

రెండోసారి డాక్టరు కనిపించాడు. మూర్ఛలొస్తున్న ఎలెన్‌ని మంచానికి కట్టేయిస్తాడు, ఈథర్ ఇస్తాడు, పడుకునేటప్పుడు కూడా కార్సెట్ బిగించుకోమంటాడు. కథ 1838 నాటి జర్మన్ పట్నంలోది. ఆమె మాట నమ్మే చదువుకున్నవాడు ఒక్కడే, తోటివాళ్ళు వెలివేసిన ప్రొఫెసరు. ఆమెని చావుకి సాగనంపేదీ అతనే! దీని ముందు పిశాచం కోట ఏపాటి భయం?

ఎలెన్ తన కోరికతోనే పిశాచాన్ని తెల్లారేదాకా ఆపింది కాబట్టి అది విముక్తి అన్నారు కొందరు. పాత త్యాగమేనన్నారు మరికొందరు. నేను రెండోవాళ్ళ వైపే. 1922లో ముర్నౌ సినిమాలోనూ ఊరు బతకడానికి ఆమే చావాలి. 1979లో హెర్జోగ్ మాత్రం ఆ త్యాగాన్ని వృథా చేశాడు, భర్తే పిశాచమై గుర్రమెక్కి పోతాడు. ఆ కర్కశత్వమే నాకు నిజాయితీగా అనిపిస్తుంది. ఎగ్గర్స్ ఎలెన్‌కి కోరికనిచ్చాడు గానీ ముగింపు మార్చలేదు.

ఆఖర్న భర్త ఆమె చెయ్యి పట్టుకుని ఏడుస్తాడు. ప్రయాణానికి ముందు తన పీడకల చెప్పి వెళ్ళొద్దని ఆమె బతిమాలినప్పుడు, ఇలాంటివి పైకి అనొద్దన్నదీ ఇతనే.