‘దేవిడీ మన్నా’: పాతబస్తీ దేవిడీల నిర్మాణ తాత్పర్యం

హైదరాబాదు పాతబస్తీలోని హుస్సేనీఆలంలో ఉన్న ఖుర్షీద్ జా దేవిడీ 19వ శతాబ్దపు పైగా ప్రభువుల నివాసం. దాని ఎత్తైన స్తంభాల వరుసను చూసి ‘ఐరోపా శైలి’ అని తేల్చడం పరిపాటి. ఈ నిర్ణయం కట్టడం ముఖభాగానికే వర్తిస్తుంది. ‘దేవిడీ’ అంటే గడప, ప్రవేశద్వారం. ఆ మాటే క్రమంగా ఇంటికి పేరైంది. ద్వారం, ప్రాంగణం, పురుషుల మర్దానా, స్త్రీల జనానా అనే అమరికలో ఎవరు ఎంతవరకు రావచ్చునన్నదే దేవిడీ నిర్మాణానికి మూలసూత్రం. ప్రవేశ నిషేధాన్ని తెలిపే ‘దేవిడీ మన్నా’ తెలుగులో జాతీయంగా నిలిచింది. ఈ అంతర్గత క్రమాన్ని విస్మరించిన శైలీ విమర్శ అసమగ్రం. 2000లో మాల్వాలా ప్యాలెస్ కూల్చివేతతో పాతబస్తీ అటువంటి ఒక నివాసాన్ని కోల్పోయింది. ఖుర్షీద్ జా దేవిడీ విషయంలోనూ పరిరక్షణ స్తంభాలకే పరిమితమైతే కట్టడం మిగలవచ్చు; అది ఇల్లుగా ఎలా నడిచిందో తెలిపే ఆధారం మిగలదు.