డౌనూరు దాటాక

నర్సీపట్నంలో బయలుదేరేసరికి ఇంకా చీకటే. నవంబరు, మంగళవారం. కావాలనే వారం మధ్య రోజును ఎంచుకుంటాను. డిసెంబరు, జనవరి నెలల్లో, అందులోనూ శని ఆదివారాల్లో, లంబసింగి మంచు చూడ్డానికి తెల్లవార్లూ కార్లూ మోటారుసైకిళ్లూ ఘాట్ ఎక్కుతూనే ఉంటాయి. ఆ రోజుల్లో అక్కడ సైకిల్‌కి చోటుండదు. మంగళవారం తెల్లవారుజామున మాత్రం పాలక్యాన్లు కట్టుకున్న ఒక టీవీఎస్ బండి, ఆర్టీసీ తొలి బస్సు, నేను. బస్సు దాటిపోయాక చాలాసేపు ఎవరూ రారు.

లంబసింగికి దారి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది. డౌనూరు వరకు రోడ్డు పొలాల పక్కన, తోటల పక్కన సాగుతుంది. డౌనూరు దాటాక కొండ.

ఘాట్ ఎక్కడంలో మొదట నేర్చుకోవలసింది గేరు ఎప్పుడు మార్చాలన్నది. కాళ్లు బరువెక్కి, చైను బిగుసుకున్నాక మారిస్తే అది పళ్ల మీద గరగరలాడుతుంది, ఒక్కోసారి ఊడిపోతుంది. వాలు కంటికి కనబడగానే, ఒంటికి తెలియకముందే మార్చాలి. నా సైకిల్‌కి ముందు చిన్న చక్రానికి 34 పళ్లు, వెనక పెద్దదానికి 32. ఆ గేరులో పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి రెండు మీటర్లకు కాస్త పైన కదులుతుంది. నిమిషానికి అరవై అయిదు చుట్లు తొక్కితే గంటకు తొమ్మిది కిలోమీటర్లు కూడా పడదు. కొత్తగా ఘాట్‌కి వచ్చే కుర్రాళ్లకి ఈ వేగం చిన్నతనంగా ఉంటుంది. పెద్ద గేరులో నిలబడి తొక్కుతారు. మూడో మలుపుకే రోడ్డు పక్కన కూర్చుంటారు. కొండకి కావలసింది బలం అనుకుంటాం కానీ, ఆ గంటన్నర, రెండు గంటలూ ఊపిరి ఒకే లయలో ఆడించగలగడమే అసలు పని.

ఈ మాట మొదట గట్టిగా చెప్పినవాళ్లలో పాల్ ద వివీ ఒకరు. ఫ్రాన్స్‌లో సెయింట్ ఎటియెన్ పట్టణంలో ఉండేవారు, వెలోసియో అన్న పేరుతో సైకిల్ పత్రిక నడిపారు. తన ఊరి కొండల మీద రకరకాల గేర్లు తొక్కి చూసి, కొండకి ఒకటికి మించిన గేర్లు ఉండాలని జీవితమంతా రాశారు. గేర్లు బలహీనులకోసమని ఆ రోజుల్లో చాలామంది పందెంగాళ్ల నమ్మకం. 1903లో మొదలైన టూర్ డి ఫ్రాన్స్‌లో గేరు మార్చే యంత్రాన్ని అనుమతించింది 1937లో. అప్పటికి వెలోసియో పోయి ఏడేళ్లు.

మా నాన్నకి ఆయన పేరు తెలియదు. కొండ మీది బడిలో టీచరు నాన్న. సోమవారం పొద్దున సైకిల్‌ని బస్సు టాపు మీద వేయించుకుని పైకి వెళ్లేవారు, శనివారం మధ్యాహ్నం ఆ సైకిల్ మీదే దిగేవారు. ఒకే గేరు, రాడ్ బ్రేకులు. ఆ బ్రేకుల మీద నమ్మకం లేక కారియర్‌కి తాడుతో ఒక చెట్టుకొమ్మ కట్టి రోడ్డు మీద ఈడ్చుకుంటూ దిగేవారు. ఆకులన్నీ రాలిపోయి కిందికొచ్చేసరికి అది మోడు అయ్యేది. డౌనూరులో విప్పి పక్కన పడేస్తే ఎవరో ఒకరు పొయ్యిలోకి పట్టుకుపోయేవారట. నాన్న ఘాట్ గురించి చెప్పినవన్నీ దిగుడు కబుర్లే. ఎక్కుడు గురించి నేను ఆయనకి చెప్పేవాణ్ణి.

ఎక్కేవాడికి మలుపే పాఠం. హెయిర్‌పిన్ మలుపులో లోపలి అంచు నిట్రంగా ఉంటుంది, వెలుపలి అంచు చదునుగా ఉంటుంది. ఒకే ఎత్తుని ఒకటి తక్కువ దూరంలో ఎక్కాలి, రెండోది ఎక్కువ దూరంలో ఎక్కుతుంది మరి. మనం ఎడమ పక్కన నడిచేవాళ్లం. అందుకని రోడ్డు కుడికి తిరిగితే మన అంచు వెలుపల పడుతుంది, కాళ్లకి కాస్త తెరిపి. ఎడమకి తిరిగితే లోపలి అంచు మనకే. అక్కడ నాలుగు పెడళ్లు తొక్కేసరికి తొడలు మండుతాయి. రోడ్డు ఖాళీగా ఉంటే ఎడమ మలుపులో కాస్త మధ్యకి వచ్చి తిరగవచ్చు. ఖాళీగా ఉందో లేదో కంటికి తెలియదు, మలుపు అవతల కొండే ఉంటుంది. చెప్పవలసింది చెవి.

నిర్మానుష్యమైన ఘాట్ నాకు ఇంత ఇష్టం కావడానికి అందం ఒక కారణమైతే, ఈ చెవి పని ఇంకో కారణం. అక్కడ ప్రతి చప్పుడూ దేనికదే విడిగా వినిపిస్తుంది. కింద ఎక్కడో గెడ్డ పారే చప్పుడు, కంసాలి పిట్ట ఒకే వరసన కొట్టే చిన్న సుత్తి దెబ్బలు, సిల్వర్ ఓక్ ఎండుటాకు టైరు కింద నలిగే చప్పుడు, చైను. పైనుంచి బస్సు దిగుతుంటే రెండు మలుపుల ముందే ఇంజను గొంతు మారడం తెలుస్తుంది. అప్పుడు ఎడమ అంచుకి వచ్చేసి, అది దాటేదాకా అక్కడే తొక్కుతాను. చెవుల్లో పాటలు పెట్టుకుని ఘాట్ ఎక్కేవాళ్లని చూస్తే నాకు భయమే కాదు, దిగులు కూడా వేస్తుంది. అంత దూరం వచ్చి ఏం వదులుకుంటున్నారో వాళ్లకి తెలియడంలేదు.

ఆ మంగళవారం సగం ఘాట్ ఎక్కి మంచినీళ్లకి ఆగాను. అడ్డాకుల మూట నెత్తిన పెట్టుకుని ఒక పెద్దావిడ వస్తోంది.

"ఏటి బాబూ, బండి సెడిపోనాదా?"

"లేదమ్మా, ఊపిరి తీసుకుందామని ఆగాను."

"బస్సు వస్తాది కదా. ఎందుకీ కష్టం?"

"కొండంతా చూసుకుంటూ ఎక్కుదామని, అమ్మా."

"అలాగైతే సూసుకో. పైన గెడ్డ కాడ నీళ్లు బాగుంటాయి, అక్కడ తాగు."

నేను బయలుదేరి మలుపు తిరిగి, మళ్లీ మలుపు తిరిగి, పై వరసకి చేరేసరికి ఆవిడ అక్కడ బండరాయి మీద మూట దించుకుని కూర్చుని ఉంది. రోడ్డు మీద నన్ను దాటలేదు. తుప్పల్లోంచి నిలువునా ఎక్కే అడ్డదారిలో వచ్చింది. నేను కిలోమీటరు పైగా తొక్కిన ఎత్తుని తను కాలిబాటన ఎక్కేసింది.

అప్పటిదాకా ఎన్నిసార్లు ఆ ఘాట్ ఎక్కానో, ఈ సంగతి తట్టలేదు. ఘాట్ రోడ్డు వాలు మనిషి కాలి కోసం కొలిచినది కాదు. బరువు బండి ఎక్కగలగాలి కనుక నూరు మీటర్లకి అయిదారు మీటర్లు పైకి వెళ్లేలా కొండ చుట్టూ తిప్పుతారు. మన దేశంలో కొండ రోడ్ల నిర్మాణ నియమాల్లో హెయిర్‌పిన్ దగ్గర వాలు నలభైకి ఒకటి మించకూడదని ఉంది, అదీ చక్రం కోసమే. కొండవాళ్లకి వాళ్ల దారి వాళ్లకుంది, నిలువుగా.

అయినా ఈ రోడ్డు వేసింది వాళ్లే. నూరేళ్ల కిందట గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయించాడు. కొండజనం చేత వెట్టి చేయించి, ఇవ్వవలసిన కూలి ఎగ్గొట్టాడు. ఎదిరించిన బట్టిపనుకుల మునసబు గాం గంటందొర పదవి పోగొట్టుకున్నాడు. 1882 మద్రాసు అటవీ చట్టం పోడు మీద, అడవి మీద హక్కులు లాగేసుకున్న కోపం అప్పటికే రగులుతోంది, రోడ్డు దానికి నిప్పయింది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేసినప్పుడు గంటందొర, తమ్ముడు మల్లుదొర ఆయన మనుషులు. మల్లుదొర శిక్ష అనుభవించి వచ్చి, 1952లో లోక్‌సభకి ఎన్నికయ్యారు. పుస్తకంలో ఇవన్నీ ఎప్పుడో చదివాను. కానీ ఒక వాలు ఎంతో తొడలకి తెలిశాక, ఆ వాలు ఎవరి గునపంతో వచ్చిందో చదవడం వేరు. ఎండలో రాయి తొలిచి, చదును చేసి, సాయంత్రం చేతిలో పడవలసిన డబ్బులు పడక, తమకి అక్కర్లేని ఈ దారినే ఇంటికి నడిచిన వాళ్ల మీదుగా నేను ఏ కష్టమూ లేని గేరులో ఎక్కుతున్నాను.

అక్కర్లేని దారి అన్నాను, అది అప్పటి మాట. ఇవాళ రోడ్డు లేని గూడేల నుంచి నొప్పులు పడుతున్న ఆడవాళ్లని డోలీల్లో మోసుకొస్తున్నారు. కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వైపు వెళ్లే 516ఈ జాతీయ రహదారి కొండ మీద వెడల్పవుతుంటే, నిశ్శబ్దం పోతోందని నేను ఏడవలేను. అంబులెన్సు వేగంగా రావాలి. కాఫీ గింజలు, మిరియాలు సకాలంలో సంతకి చేరాలి. సైకిల్‌కి ఇంకా దారులున్నాయి. చింతపల్లి దాటి గూడెం కొత్తవీధి మీదుగా సీలేరు వైపు వెళ్లే దారిలో ఇప్పటికీ గంటసేపు ఒక్క హారన్ వినబడని చోట్లున్నాయి. ఏప్రిల్లో ఒక వాన పడి వారం పది రోజులైతే కాఫీ పూస్తుంది. తోట కంటబడకముందే మల్లెపూల లాంటి వాసన రోడ్డు మీదకి వస్తుంది. కారు అద్దాలు ఎత్తుకుని వెళ్లేవాళ్లకి అది అందదు.

లంబసింగిలో ఇడ్లీ తిని, టీ తాగి, ఎండ ఎక్కకముందే దిగుడు మొదలుపెట్టాను. దిగడానికి బలం అక్కర్లేదు కానీ బుద్ధి ఎక్కువ కావాలి. బ్రేకు పట్టుకునే ఉంటే రిమ్ము కాలిపోతుంది. మలుపుకి ముందు, బండి ఇంకా నిటారుగా ఉండగానే రెండు బ్రేకులూ గట్టిగా నొక్కి వేగం తగ్గించుకోవాలి. మలుపులో వదిలేయాలి. ముందు బ్రేకుకే పట్టు ఎక్కువ, కానీ మంచుకి తడిసిన ఆకుల మీద దాన్ని ముట్టుకోకూడదు. తిన్నటి వరసలో చేతులు సడలించి, రిమ్ముకి గాలి తగలనివ్వాలి. నాన్న కొమ్మ కట్టుకున్నది ఇందుకే కదా అనుకుంటాను ప్రతిసారీ. ఆయన రబ్బరు మీద బరువు పెట్టకుండా మట్టి మీద పెట్టారు.

ఇప్పుడు ఇంకో అలవాటు అయింది. పొద్దున ఆవిడ ఎక్కివచ్చిన అడ్డదారి రోడ్డుని కలిసే చోటు గుర్తుంది. తుప్పల మధ్య ఎర్రటి చీలికలా ఉంటుంది, తెలియకపోతే కనబడదు. దానికి వందగజాల ముందే బండి నెమ్మది చేసి, చక్రం ఆపి వింటాను. ఆరోజు పుల్లలు విరిగిన చప్పుడైంది. ముందు ఒక కట్టెలమోపు బయటికొచ్చింది, తర్వాత దాని కింద ఒక మనిషి, ఆ వెనకే స్కూలు బ్యాగు తగిలించుకున్న పిల్ల. వాళ్లు రోడ్డు దాటి అవతలి బాటలోకి దిగేదాకా కాలు నేల మీద పెట్టి ఆగాను.