గర్భస్రావ చట్టమూ, ప్రజాభిప్రాయమూ, పార్టీలూ: మెదక్ అనుభవంపై ఒక విమర్శ

1980 జనవరి లోక్‌సభ ఎన్నికలలో శ్రీమతి ఇందిరాగాంధీ రాయబరేలీతోపాటు మెదక్ నుంచి కూడా పోటీ చేశారు. ఇక్కడ ఆమె ప్రధాన ప్రత్యర్థి జనతా పార్టీకి చెందిన ఎస్. జైపాల్ రెడ్డి. రెండు లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచిన ఆమె రాయబరేలీని వదలుకొని మెదక్‌నే ఉంచుకున్నారు. 1984 అక్టోబరు 31న హత్యకు గురైననాటికి ఆమె మెదక్ ప్రతినిధే. దేశంలో గర్భస్రావాన్ని కొన్ని షరతులతో చట్టబద్ధం చేసిన 1971 నాటి శాసనం ఆమె ప్రభుత్వం తెచ్చినదే. 1976లో కుటుంబ నియంత్రణ పేర బలవంతపు శస్త్రచికిత్సలు జరిగినదీ ఆమె ఏలుబడిలోనే. ధర్మచింతన గల వారికి ఈ రెండూ చిన్న విషయాలు కావు. అయినా మెదక్ ఓటర్ల తీర్పును ఇవి మార్చలేకపోయాయి.

దీనినుంచి సాధారణంగా రెండు నిర్ణయాలు తీస్తుంటారు. ఈ విషయంలో ఇక్కడి ప్రజలకు అభిప్రాయమే లేదనేది ఒకటి. మౌనంగా ఉన్నారు కనుక ప్రభుత్వం చేసినదానిని ఆమోదించారనేది రెండవది. రెండూ పొరపాటే. ఏ పార్టీ కూడా గర్భస్రావ చట్టాన్ని ప్రశ్నగా ప్రజల ముందు పెట్టలేదు. అడగని ప్రశ్నకు జవాబు వెతకడం న్యాయం కాదు.

చట్టం పుట్టిన తీరు

1860 నాటి శిక్షాస్మృతి 312వ సెక్షన్ ప్రకారం, తల్లి ప్రాణం కాపాడడానికి తప్ప గర్భస్రావం చేయించడం నేరంగా ఉండేది. దీనిని సడలించే విషయం పరిశీలించడానికి 1964లో శాంతిలాల్ షా అధ్యక్షతన కమిటీ ఏర్పడింది. ఆ కమిటీ 1966లో నివేదిక ఇచ్చింది. బిల్లు 1969లో రాజ్యసభ ముందుకు వచ్చి, 1971లో చట్టమై, 1972 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దీనికోసం పట్టుబట్టినవారిలో ముఖ్యుడు రాజమండ్రిలో పుట్టిన జనాభా శాస్త్రవేత్త, అప్పటి కేంద్రమంత్రి శ్రీపతి చంద్రశేఖర్.

చాటుమాటు గర్భస్రావాలలో స్త్రీలు ప్రాణాలు కోల్పోతున్నారనేది చట్టానికి చెప్పిన కారణం. అది నిజమైన కారణమే, కాదనడానికి వీలులేదు. కాని చట్టం లోపల మరొక ఆలోచన కూడా దాగి ఉన్నది. వివాహిత గాని ఆమె భర్త గాని సంతానాన్ని పరిమితం చేసుకోవడానికి వాడిన సాధనం విఫలమైతే, ఆ గర్భం స్త్రీ మానసిక ఆరోగ్యానికి తీవ్రమైన హాని కలిగించేదిగా భావించవచ్చునని అందులో వ్రాశారు. ఇది వైద్యుని భాషలో వ్రాసిన జనాభా లెక్క. పెళ్ళికాని స్త్రీ కష్టాన్ని ఆ వివరణ లెక్కలోకి తీసుకోలేదు. 2021 సవరణలో వివాహిత, భర్త అనే మాటలు తీసివేసి స్త్రీ, ఆమె భాగస్వామి అని మార్చేవరకు ఇది అలాగే ఉన్నది. ఆ సవరణ కూడా పార్టీల మధ్య పెద్ద సంఘర్షణ లేకుండానే పార్లమెంటు దాటింది.

ప్రజలు చెప్పిన జవాబు

ప్రజలు మాట్లాడిన సందర్భం లేకపోలేదు. 1976–77లో దేశమంతటా 80 లక్షలకు పైగా సంతాన నిరోధక శస్త్రచికిత్సలు జరిగాయి. ఢిల్లీ తుర్క్‌మన్ గేట్, హర్యానాలోని ఉటావర్, ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ పేర్లు ముస్లింల జ్ఞాపకంలో నేటికీ ఉన్నాయి. 1977 మార్చి ఎన్నికలలో ఉత్తర భారతం దీనికి జవాబు చెప్పింది. నిర్బంధం అంత ఉధృతంగా సాగని దక్షిణాదిలో తీర్పు వేరు. ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాలలో 41 కాంగ్రెస్ గెలిచింది. జనతాకు దక్కినది నంద్యాల ఒక్కటే. తరువాత వచ్చిన జనతా ప్రభుత్వం 'కుటుంబ నియంత్రణ' అనే పేరును 'కుటుంబ సంక్షేమం'గా మార్చింది.

దీనిని బట్టి ఒక సంగతి తేలుతున్నది. రాజ్యం తన ఇంటి గడప దాటి లోపలికి వచ్చిందని తెలిసినప్పుడు సామాన్యుడు ఓటుతో మాట్లాడతాడు. గడప దాటినట్లు తెలియకుండా వస్తే మాట్లాడలేడు. మెదక్ పల్లెలలోకి రాజ్యం ఈ రెండవ విధంగానే వచ్చింది.

ముగ్గురు పిల్లలూ, సర్పంచ్ పదవీ

1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, ఇద్దరికంటె ఎక్కువ పిల్లలున్నవారు స్థానిక సంస్థలలో పోటీ చేయరాదని నిర్ణయించింది. 1995 మే 30 తరువాత పుట్టిన బిడ్డను ఈ లెక్కలోకి తీసుకున్నారు. ఈ నిబంధనలో గర్భస్రావం అనే మాట లేదు. అయినా పదవి కావాలనుకునే ఇంట్లో మూడవసారి గర్భం నిలిచినప్పుడు ఈ నిబంధన ఏమి చేయిస్తుందో ఊహించడం కష్టం కాదు. ఆంధ్రప్రదేశ్‌తో సహా అయిదు రాష్ట్రాలలో నిర్మలా బుచ్ జరిపిన అధ్యయనం, ఈ నిబంధన ఫలితంగా గర్భస్రావాలు, భార్యను వదిలివేయడం, బిడ్డను దత్తతకు ఇచ్చివేయడం వంటివి జరిగాయని బయటపెట్టింది. మహిళలకు కేటాయించిన స్థానంలో నిలబడిన స్త్రీకి ఇది మరీ దారుణం. ఎంతమంది పిల్లలను కనాలో నిర్ణయించే అధికారం ఇంట్లో ఆమెకు ఉండదు, అనర్హత మాత్రం ఆమెకే.

హర్యానాలోని ఇటువంటి నిబంధనను సుప్రీంకోర్టు 2003లో జావేద్ కేసులో సమర్థించింది. అక్కడ మతస్వేచ్ఛ పేర వచ్చిన వాదాలలో బహుభార్యాత్వానికి ఉన్న అనుమతి కూడా ఒకటి. కోర్టు దానిని తోసిపుచ్చింది. షరీఅత్ అనుమతించినది వేరు, విధించినది వేరు కనుక ఆ వాదం మొదటినుంచీ బలహీనమే. గర్భంలోని శిశువు గౌరవమూ, తల్లి దేహమూ, ఈ రెండింటిని రాజ్యం పదవికి వెలగా పెట్టరాదన్న వాదాన్ని ముస్లింలు ముందు నిలిపి ఉంటే అది అన్ని మతాల స్త్రీల పక్షాన నిలిచేది.

ఇప్పుడు గాలి తిరిగింది. ఆంధ్రప్రదేశ్ 2024లో ఈ నిబంధనను రద్దు చేసింది. ఎక్కువమంది పిల్లలను కనండని ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు పిలుపునిచ్చారు. తెలంగాణ మంత్రివర్గం కూడా 2025లో దీనిని ఎత్తివేయడానికి నిర్ణయించింది. నిబంధన పోవడం మంచిదే. అయితే పోయిన కారణం గమనించదగినది. జనాభా తగ్గుతున్నదనీ, దక్షిణాదికి పార్లమెంటు స్థానాలు తగ్గిపోతాయనీ భయం పుట్టింది. నిన్న వద్దన్నదీ నేడు కావాలన్నదీ లెక్క కోసమే. స్త్రీని అడిగినవారు లేరు.

అమెరికా నమూనా

ఇటీవల విద్యావంతులైన ముస్లిం యువకులలో అమెరికా వాదాలను యథాతథంగా తెచ్చుకునే అలవాటు కనిపిస్తున్నది. అక్కడి పార్టీలను చూచి ఒకటి ధర్మపక్షమనీ మరొకటి అధర్మపక్షమనీ భావించడం తొందరపాటు. 1973లో రో కేసులో గర్భస్రావ హక్కును గుర్తించిన ఏడుగురు న్యాయమూర్తులలో అయిదుగురు రిపబ్లికన్ అధ్యక్షులు నియమించినవారే. పార్టీల మధ్య గోడ తరువాతి దశాబ్దాలలో లేచింది. 2022 జూన్ 24న డాబ్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేయగా, అనేక రాష్ట్రాలు కఠిన నిషేధాలు తెచ్చాయి. కాని రిపబ్లికన్లకు కంచుకోట అయిన కాన్సాస్‌లో అదే ఆగస్టులో ప్రశ్నను నేరుగా ప్రజల ముందు పెట్టినప్పుడు, రాష్ట్ర రాజ్యాంగంలోని రక్షణను తొలగించే ప్రతిపాదనను సుమారు 59 శాతం తిరస్కరించారు. పార్టీకి వేసిన ఓటు వేరు, ప్రశ్నకు వేసిన ఓటు వేరని దీనివలన తెలుస్తున్నది.

ధర్మశాస్త్రం కొలత

ఇస్లామీయ ధర్మశాస్త్రం ఈ రెండు పక్షాలలో దేనిలోనూ ఇమడదు. దారిద్ర్య భయంతో సంతానాన్ని చంపరాదని దివ్య ఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్, అన్ఆమ్ సూరాలలో నిషేధించింది. సజీవంగా పాతిపెట్టబడిన ఆడశిశువు ప్రస్తావన తక్వీర్ సూరాలో ఉన్నది. ఈ ఆయతులు పుట్టిన బిడ్డలను గూర్చినవి. గర్భస్థ శిశువు విషయంలో ధర్మవేత్తలు వీటితోపాటు దైవప్రవక్త (స) హదీసులను ఆధారం చేసుకొని దశలవారీగా విచారించారు. నూట ఇరవై దినాలకు ఆత్మ ఊదబడుతుందని ప్రసిద్ధ హదీసు ఆధారంగా చెప్పారు. ఆ తరువాత తల్లి ప్రాణానికి ముప్పు వంటి అత్యవసరం తప్ప గర్భస్రావం హరామ్. అంతకుముందు మాత్రం భేదాభిప్రాయాలున్నాయి. మాలికీలలో అధిక సంఖ్యాకులు ఆదినుంచే నిషేధించారు. ఇమామ్ గజాలీ దీనిని గర్భనిరోధంతో సమానం చేయక, దశ పెరిగినకొద్దీ నేరం పెరుగుతుందని అన్నారు. హనఫీలలో పలువురు ఈ గడువులోపల సహేతుకమైన కారణం ఉంటే అనుమతించారు. పాలుతాగే బిడ్డ ఉండగా తల్లి మళ్ళీ గర్భం దాల్చి పాలు ఎండిపోవడం, దాదిని పెట్టుకునే శక్తి తండ్రికి లేకపోవడం వారు చూపిన ఉదాహరణ. ఉన్న బిడ్డ ప్రాణం కోసం చేసిన విచారణ అది. పదవికోసం చేసే గర్భస్రావానికి అందులో చోటు లేదు. ఆడశిశువని తెలిసి చేసేదానికి అసలే లేదు. ఈ రెండవ విషయంలో లింగనిర్ధారణను నిషేధించిన 1994 నాటి కేంద్ర చట్టమూ ధర్మమూ ఒకే మాట చెబుతున్నాయి.

కాలగణనలో మరొక మెలిక ఉన్నది. వైద్యులు చివరి బహిష్టు తేదీనుంచి లెక్కిస్తారు, ధర్మవేత్తలు గర్భధారణనుంచి. కనుక 120 దినాలు వైద్యుల లెక్కలో సుమారు 19 వారాలు. 1971 చట్టం విధించిన 20 వారాల గడువు దీనికి దగ్గరగా ఉండేది. 2021 సవరణ కొన్ని తరగతుల స్త్రీలకు పెంచిన 24 వారాల గడువు దీనిని బాగా దాటిపోయింది. చట్టం అనుమతించినదంతా ధర్మం కాదనీ, ధర్మం వద్దన్నదంతా జైలుశిక్షకు తగినది కాదనీ ఇక్కడ విశ్వాసి గ్రహించాలి.

ముస్లిం నాయకత్వం ఈ చర్చను జనాభా నిందకు జవాబు చెప్పడంతోనే సరిపెట్టింది. ఆ నింద అబద్ధమే, జవాబు చెప్పవలసినదే. కాని మెదక్ ఆసుపత్రి బల్లమీద కూర్చున్న స్త్రీకి అది దారి చూపదు. మేజరైన స్త్రీ విషయంలో చట్టం కోరేది ఆమె సమ్మతి మాత్రమేననీ, భర్త సంతకం కాదనీ ఆమెకు తెలియదు. తన స్థితికి ధర్మం ఏమి చెబుతుందో అడగాలంటే సిగ్గు. మస్జిదు కమిటీలూ మదర్సాలూ వైద్యులతో కూర్చొని ఈ విషయాలను తెలుగులో, ఉర్దూలో స్పష్టంగా చెప్పే ఏర్పాటు చేయాలి. ఓటు అడగడానికి వచ్చిన ప్రతి పార్టీనీ ఒక్క మాట అడగాలి: పిల్లలు వద్దన్న రోజునా, కావాలన్న రోజునా, కనే తల్లిని సంప్రతించారా? ఈ ప్రశ్న అడిగేవరకు ప్రజలకు అభిప్రాయం లేదని చెప్పే హక్కు పార్టీలకూ లేదు, పెద్దలకూ లేదు.