వడగళ్లకు లెక్క ఉంది, వడగాడ్పుకు లేదు

ప్రకృతి వైపరీత్యాల చరిత్రలు దాదాపు అన్నీ ఒకే తీరుగా నడుస్తాయి. ముందు తేదీ, తర్వాత గాలి వేగం, ఆపైన మృతుల సంఖ్య, చివర కోట్లలో నష్టం. కృష్ణా తీరం వరకే చూసినా 1864 నవంబరు బందరు ఉప్పెన, సుమారు 30,000 మంది. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన, అధికార లెక్కల్లోనే 10,000 మంది. ప్రకృతికి కులం లేదు, అందర్నీ సమానంగా ముంచిందనే నీతితో ఈ చరిత్రలు ముగుస్తాయి. మా పేచీ అంతా ఈ నీతితోనే. అలకు కులం లేకపోవచ్చు. కానీ ఎవరి మేడ మెరకన లేవాలో, ఎవరి పూరిపాక పల్లంలో ఉండాలో అల రాకముందే ఊరు తేల్చేసింది.

పేర్లు పెట్టడంలోనూ ఇదే తగువు ఉంది. 1832-33 గుంటూరు కరువుని పంచాంగం లెక్కన నందన కరువన్నారు. జనం డొక్కల కరువన్నారు. సంవత్సరం పేరు పెడితే అది కాలం చేసిన పనిగా మిగులుతుంది. డొక్కల పేరు పెడితే తిండి లేనిదెవరికన్న ప్రశ్న పుడుతుంది. వైపరీత్యాల జాబితాని కూడా ఇలాగే ఒక రచనగా చదవాలని మేం అంటున్నాం. అందులో ఏముందో కాదు, ఏం లేదో చూడాలి.

ఇందుకు నూజివీడు ప్రాంతమే మంచి ఉదాహరణ. ఇది మెరక సీమ, ఉప్పెన ఇక్కడిదాకా రాదు. ఇక్కడి భయం వేసవి ఈదురుగాలి, వడగళ్లు. చిన్నరసాలు, బంగినపల్లి కోతకొచ్చే రోజుల్లో ఒక్క పూట గాలి కొడితే తోటంతా రాలుగాయే. 'మామిడి రైతు కుదేలు' అని మర్నాడు పత్రికలు రాస్తాయి. నిజమే. కానీ రైతంటే ఎవరు? పట్టా ఉన్న ఆసామా, పూత మీద తోట కొన్న కౌలుదారా? 2015 నుంచి పంట 33 శాతం పోతే సాయానికి అర్హత ఉంది. ఆ శాతం కొలిచేది చెట్టు మీద కాయని, ఎకరాన్ని. కౌలుదారుకి గుర్తింపు కార్డు కావాలంటే 2019 చట్టం ప్రకారం భూయజమాని సంతకం ఉండాలి. ఇక మాల, మాదిగ పల్లెల్లోంచి, తండాల్లోంచి వచ్చి చిక్కం పట్టి కాయ దింపేవాళ్లు, గంపలు మోసే ఆడవాళ్లు పోగొట్టుకున్న పనిదినాలు ఏ శాతంలోకి వస్తాయి?

అసలు సంగతి ఇంకా ముందుంది. కాయ కోతలు ముమ్మరంగా సాగే ఏప్రిల్, మే నెలలే ఎండలు మండే నెలలు. 2015 మే వడగాడ్పులకి రెండు తెలుగు రాష్ట్రాల్లో 2,000 మందికి పైగా చనిపోయారు. పోయినవాళ్లలో వృద్ధులు, ఎండన పనిచేసే కూలీలే ఎక్కువని అప్పటి వార్తలే చెప్పాయి. అయినా ఆనాటికి కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాలో తుఫాను ఉంది, వరద ఉంది, వడగళ్లున్నాయి, చివరికి చలిగాలి కూడా ఉంది, వడగాడ్పు లేదు. వడగళ్లు కాయని కొడతాయి. వడగాడ్పు కాయ కోసేవాణ్ణి కొడుతుంది. జాబితా దేనికి చోటిచ్చిందో చూస్తే ఎవరి కళ్లతో అది తయారైందో తెలిసిపోతుంది.

వడగాడ్పు ఏటా వచ్చేదే కదా, దాన్ని విపత్తని ఎలా అంటాం అని కొందరు వాదిస్తారు. చలిగాలి ఏటా రావట్లేదా? వడదెబ్బ చావుని రుజువు చెయ్యడం కష్టమనేది ఇంకో వాదన. కష్టమే. గుండె ఆగి పోయాడనో, జబ్బుతో పోయాడనో రాసేస్తే ఎండ తప్పుకుంటుంది. ఎండతోపాటు మిట్టమధ్యాహ్నం పని చేయించినవాడూ తప్పుకుంటాడు, నీడా నీళ్లూ అడగని కూలి ఒప్పందమూ తప్పుకుంటుంది. అప్పుడు మిగిలేది 'ప్రకృతి' ఒక్కటే.

కాబట్టి పనిచేసే మిత్రులకీ, విద్యార్థులకీ, ఉపాధ్యాయులకీ మేం చెప్పేది ఇదే. ఉప్పెనల చరిత్ర రాసేటప్పుడు గాలి వేగంతోపాటు ఊరి పటం గీయండి, పల్లె ఏ వైపుందో గుర్తు పెట్టండి. మామిడి నష్టం రాసేటప్పుడు ఎకరాల పక్కన కూలి రోజులు రాయండి. వేసవిలో పోయినవాళ్ల పేర్లు పల్లెల్లోనే ఉన్నాయి. ఏ తోటలో, ఏ పూట కూలారో చెప్పేవాళ్లున్నారు. ఆ చరిత్రని వాళ్ల నోటి మాట నుంచే మొదలుపెట్టాలి.