నిల్వ గడిని పారవేయు లెక్కలు: బ్యాంకు స్టేటుమెంట్ల దిగుమతిపై ఒక విమర్శ

నరసరావుపేటలోని మిల్లులలోను, కమీషను కొట్లలోను పూర్వము గుమాస్తా నెలకొకసారి చేయు పని యొకటి యుండెడిది. ఒక ప్రక్క తన చిట్టాను, ఇంకొక ప్రక్క బ్యాంకు పాసుబుక్కును పెట్టుకొని, రెండింటిలోను ఉన్న పద్దులకు పెన్సిలుతో టిక్కు పెట్టుచు పోవును. ఒకదానిలో నుండి రెండవదానిలో లేని పద్దులు చివరకు కొన్ని మిగులును. ఇచ్చిన చెక్కు ఇంకను బ్యాంకునకు చేరకపోవుట, బ్యాంకు తన రుసుమును తానే కోసికొనుట వంటి కారణములను వెదకి తేడాను సరిపెట్టును. నేడు బ్యాంకు ఆ పాసుబుక్కు పుటలనే ఫైలుగా ఇచ్చుచున్నది. లెక్కల సాఫ్టువేరులో “దిగుమతి” అను మీట నొక్కినచో వందలాది పద్దులు క్షణములో లోనికి వచ్చును. పిడుగురాళ్ల సున్నపు బట్టీ మొదలు మాచర్ల సిమెంటు దుకాణము వరకు, రోజుకు పదుల కొలది యుపిఐ జమలు వచ్చు ఏ వ్యాపారమునకైనను ఇది గొప్ప సౌకర్యమే. శ్రమ తగ్గినదనుటలో సందేహము లేదు. కాని టిక్కు పెట్టునపుడు గుమాస్తా కన్ను చేసిన పరీక్షను ఇప్పుడెవరు చేయుచున్నారు?

ఒక సంస్థ యొక్క కొనుగోళ్లు, అమ్మకములు, సరుకు, జీతములు, లెక్కలు అన్నింటిని ఒకేచోట నుంచు సాఫ్టువేరును ఇఆర్‌పి అందురు. 1986లో బెంగుళూరులో మొదలైన సంస్థ తయారుచేసిన టాలీ మన వ్యాపారులకు పరిచితమే. ముంబైలో పుట్టిన ఇఆర్‌పినెక్స్ట్ అనునది ఇంకొకటి. దాని మూలకోడును ఎవరైనను చదువవచ్చును గనుక పరిశీలకునకు అది అనుకూలము. దీనిలో బ్యాంకు ఫైలును ఎక్కించునపుడు ఏ నిలువు వరుస తేదీయో, ఏది జమయో, ఏది ఉపసంహరణయో, ఏది వివరణయో వాడుకరి చూపవలెను. అట్లు వచ్చిన పద్దులు వెంటనే ఆవర్జాలోనికి పోవు. బ్యాంకు మాటగా విడిగా నుండి, తరువాత సంస్థ వ్రాసికొన్న ఓచర్లతో జతపడును. ఈ ఏర్పాటు మెచ్చదగినది. స్టేటుమెంటులోని ప్రతి పద్దును నేరుగా ఆవర్జాకు ఎక్కించు పద్ధతిలో బ్యాంకు చేసిన పొరపాటు కూడ సంస్థ లెక్కయే యగును. అప్పుడు సరిపోల్చుటకు రెండవ పుస్తకమే యుండదు.

జమ, ఉపసంహరణ అను మాటలు వాడుట కూడ తెలివైన పనియే. 1494లో వెనిస్ నగరమున లూకా పాచ్యోలీ తన గణిత గ్రంథములో జంట పద్దు విధానమును వివరించిన నాటినుండి విద్యార్థులను తికమక పెట్టుచున్న విషయ మొకటి కలదు. మిల్లు తన ఖాతాలో సొమ్ము వేసినచో మిల్లు పుస్తకములో అది డెబిటు, బ్యాంకు పుస్తకములో క్రెడిటు. మిల్లునకు ఆస్తియైనది బ్యాంకునకు బాకీ గదా! అద్దములో కుడి ఎడమయైనట్లు రెండు పుస్తకములు ఒకదానికొకటి ప్రతిబింబములు. డెబిటు, క్రెడిటు అని మాత్రమే అడుగు సాఫ్టువేరులో ఇది ఎవరి డెబిటు అను ప్రశ్న తెగదు. గుర్తు తలక్రిందులగుట సులభము.

ఇక కామా సంగతి. బ్యాంకులు ఇచ్చు ఫైళ్లలో సర్వసామాన్యమైనది సిఎస్‌వి. అందులో గడికి గడికి నడుమ కామా యుండును. దశాబ్దములుగా వాడుకలో నున్నను, ఇంటర్నెట్ ప్రమాణములను వ్రాయువారు 2005లో గాని దీని స్వరూపమును వివరించి వ్రాయలేదు. మన బ్యాంకు లక్షా యిరువది యైదు వేలను 1,25,000.00 అని వ్రాయును. ఆ సంఖ్యకు కొటేషను గుర్తులు తొడగకపోయినచో చదువు యంత్రమునకు అది మూడు గడులు: 1, తరువాత 25, తరువాత 000.00. జమ గడిలో మిగులునది ఒక్క రూపాయి! అంతర్జాతీయ బ్యాంకుల సందేశ సంస్థ స్విఫ్ట్, 1973లో బెల్జియములో స్థాపింపబడినది, రూపొందించిన ఎమ్‌టి 940 అను స్టేటుమెంటులోనైతే కామాయే దశాంశ బిందువు. అదే మొత్తము 125000,00 అని యుండును. ఒకే గుర్తు ఒకచోట గోడ, ఒకచోట అలంకారము, ఇంకొకచోట దశాంశము.

ఇటువంటి తప్పులు ఎన్నియైనను రావచ్చును. వానిని పట్టుకొనుటకు సాధనము మాత్రము స్టేటుమెంటులోనే యున్నది. అదియే చివరి నిలువు వరుస, నిల్వ. పాసుబుక్కు అచ్చు వేయించుకొన్న గురజాల రైతు ముందుగా చూచునది ఆ గడినే. విచిత్రమేమనగా, దిగుమతి చేయువారు తరచు ఆ గడినే అనవసరమని తొలగింతురు. తేదీ, మొత్తము, వివరణ ఉన్నచో చాలును, నిల్వను కంప్యూటరే కట్టుకొనునని వారి వాదము. ఈ వాదములోనే లోపమున్నది.

ఒక చిన్న స్టేటుమెంటును తీసికొందము. తొలి నిల్వ 2,40,000 రూపాయలు. 1,25,000 జమ కాగా నిల్వ 3,65,000. 45,000 ఉపసంహరణ, నిల్వ 3,20,000. తరువాత అదే దినమున, అదే శాఖలో, “నగదు జమ” అను అదే వివరణతో 50,000 చొప్పున రెండు జమలు. నిల్వ 3,70,000, ఆ పైన 4,20,000. మొదటి పద్దు కామా వలన ఒక్క రూపాయిగా మారినదనుకొందము. లెక్క ప్రకారము నిల్వ 2,40,001 కావలెను, గడిలో 3,65,000 ఉన్నది. తప్పు ఆ వరుసలోనే దొరికినది. రెండవ పద్దు గుర్తు తలక్రిందులైనచో 4,10,000 రావలెను, గడిలో 3,20,000. తేడా 90,000, అనగా పద్దుకు సరిగా రెండింతలు. తేడాలో సగమునకు సమానమైన పద్దును వెదకుట పాత గుమాస్తాల సూత్రమే.

జంట జమల సంగతి మరింత గమనింపదగినది. ఒకే స్టేటుమెంటును పొరపాటున రెండుసార్లు ఎక్కించినచో పద్దులు ద్విగుణమగును గనుక, తేదీ, మొత్తము, వివరణ ఒకటైన వానిలో ఒకదానిని కొట్టివేయు సాఫ్టువేర్లు కలవు. అట్లు చేసినచో పై ఉదాహరణలో నిజమైన 50,000 మాయమగును. నిల్వ గడిని కూడ పోల్చినచో ఆ రెండు వేర్వేరు పద్దులని తేలిపోవును, ఏలయన నిల్వలు వేరు. నకలు పద్దుకైతే నిల్వ కూడ అదే యుండును. పద్దు జారిపోయినను తెలియును: నిల్వ 3,20,000 నుండి ఒక్క 50,000 జమతో 4,20,000కు దూకజాలదు. కొన్ని బ్యాంకుల ఫైళ్లు క్రొత్త పద్దును పైన, పాతదానిని క్రింద వ్రాయును. అప్పుడు పరీక్షను క్రిందినుండి చేయవలెను, అంతే.

మొత్తము మీద తొలి నిల్వకు జమలు కలిపి, ఉపసంహరణలు తీసివేసి, తుది నిల్వతో పోల్చుట చాలదా? ఎమ్‌టి 940లో ఉన్నది అదియే. 60వ గడిలో తొలి నిల్వ, 62వ గడిలో తుది నిల్వ, నడుమ ఒక్కొక్క పద్దునకు 61వ గడి. పద్దు వెంట నిల్వ లేదు. ఈ పరీక్ష తప్పున్నదని చెప్పును గాని ఎక్కడున్నదో చెప్పజాలదు. పదివేలు ఒకచోట ఎక్కువై ఇంకొకచోట తక్కువైనచో తప్పున్నదని కూడ చెప్పదు. ఈ విషయములో మన దేశపు ఏర్పాటు మెరుగు. రిజర్వు బ్యాంకు 2016లో నియమములు చేయగా 2021లో పనిలోనికి వచ్చిన అకౌంట్ అగ్రిగేటర్ విధానములో, ఖాతాదారు అనుమతిపై పంపబడు సమాచారమున ప్రతి పద్దుతోను అప్పటి నిల్వ వచ్చును. అయినను అచ్చు పుటలను, సిఎస్‌వి ఫైళ్లను పట్టుకొని పనిచేయు చిన్న సంస్థలకు నిల్వ గడిని నిలుపుకొనుటయే శరణ్యము.

ఆ ఫైళ్లు తరచు ఎక్సెల్ గుండా పోవుచుండుట వేరొక చిక్కు. యుపిఐ చెల్లింపు సంఖ్యకు 12 అంకెలు. ఎక్సెల్ దానిని పరిమాణముగా భావించి 5.09 × 10¹¹ అను రూపములో చూపును. చూపిన దానినే సిఎస్‌విగా భద్రపరచినచో తొమ్మిది అంకెలు పోయినట్లే. శాస్త్రజ్ఞులు సైతము దీనికి లొంగిరి. మార్చ్1, సెప్ట్1 అను జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చుచుండుటచే, 2020లో మానవ జన్యువుల నామకరణ సంఘము ఆ పేర్లనే మార్చవలసి వచ్చినది!

నిల్వ గడి కూడ పట్టుకొనలేనిది తేదీ. ఇచ్చట నష్టపోవువాడు వ్యాపారి కాడు. ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘములు 63,000ను ఒకే సాఫ్టువేరు క్రిందికి తెచ్చుటకు కేంద్ర ప్రభుత్వము 2022 జూనులో 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. పంట రుణముపై వడ్డీ 7 శాతము. గడువులోగా తీర్చిన రైతుకు 3 శాతము తగ్గును. లక్ష రూపాయల అప్పుపై సంవత్సరమునకు మూడు వేలు. 2025 మార్చి 31 గడువైన రైతు మార్చి 4ననే సంఘము ఖాతాకు సొమ్ము పంపినాడనుకొందము. స్టేటుమెంటులో 04/03/2025 అని పడినది. అమెరికా వారి వరుసకు అమర్చిన కంప్యూటరు దానిని ఏప్రిలు 3గా చదువును. ఇరువదియేడు దినములు ముందు చెల్లించినవాడు మూడు దినములు ఆలస్యము చేసినవాడగును.

ఇటువంటి తేదీలు ఎన్ని? నెలకు మొదటి 12 దినముల చొప్పున 144. అందులో దినము, నెల సమానమైనవి 12; వానికి ప్రమాదము లేదు. మిగిలిన 132 చప్పుడు లేకుండ మారిపోవును. అనగా సంవత్సరములో నూటికి 36 పాళ్లు. 13వ తేదీ నుండి పైవానిని మాత్రమే యంత్రము చదువలేక బయట పెట్టును.

తేదీలు వరుసగా పెరుగుచున్నవా అని చూచినచో దొరుకునని తోచును. దొరకదు. మార్చి 1 నుండి 12 వరకు గల తేదీలు తలక్రిందులైనచో జనవరి 3, ఫిబ్రవరి 3, మార్చి 3, ఏప్రిలు 3 అని డిసెంబరు 3 వరకు చక్కగా పెరుగుచునే పోవును. దీనికి ఉపాయములు వేరు. స్టేటుమెంటు కాలపరిమితిని వాడుకరిచే నెల పేరు అక్షరములలో ఎన్నుకొనునట్లు చేసి, దానికి వెలుపలి తేదీని నిరాకరింపవలెను. దిగుమతి చేయు దినమునకు తరువాతి తేదీ కనబడినచో నిలిపివేయవలెను. మార్చి 5న ఎక్కించిన ఫైలులో ఏప్రిలు 3 నాటి జమ యెట్లుండును?

గుంటూరు కేంద్రముగా పనిచేసిన చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న రాష్ట్రములోని తక్కిన గ్రామీణ బ్యాంకులతో కలిసి ఒక్కటైనది. 1923లో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిలు 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనది. ఇట్టి విలీనములలో శాఖల సంకేతములు మారును, ఫైలు నమూనాయు మారవచ్చును. అటువంటప్పుడు నిలువు వరుసలను మరల చూపవలసినది ఆ గుమాస్తాయే. ఆ పని ముగిసిన పిదప తెరపై “412 పద్దులు విజయవంతముగా దిగుమతి అయినవి” అని కనబడినచో, ఆ మాటకు అర్థము 412 వరుసలు చదువబడినవని మాత్రమే. దాని క్రిందనే “నిల్వ ఎన్ని వరుసలలో సరిపోయినది, ఏ వరుసలో తప్పినది” అని ఇంకొక పంక్తి ఉండవలసినది. ఆ పంక్తి వ్రాయుటకు కావలసినది కూడిక, తీసివేత మాత్రమే.