కలికితురాయికి వెల రాయని కీర్తన

భద్రాచలం చుట్టుపక్కల బళ్ళలో రామదాసు పేరు వినని పిల్లలు ఉండరు. నేలకొండపల్లిలో కంచర్ల గోపన్నగా పుట్టిన ఆయన పాల్వంచ పరగణాకు తహసీల్దారు కావడం, సర్కారు పైకంతో గుడి కట్టించడం, సుల్తాను తానీషా ఆయన్ని గోలకొండలో ఖైదు చేయించడం, ఈ కథంతా శ్రీరామనవమి మైకుల్లోనో 2006లో వచ్చిన ‘శ్రీరామదాసు’ సినిమాలోనో వాళ్ళు వినే ఉంటారు. రామదాసు రాసిన ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తనను తరగతిలో చదివించేటప్పుడు ఎదురయ్యే చిక్కు అదే. కథ ముందే తెలిసినవాళ్ళు పాఠం వంక సరిగ్గా చూడరు. కాగితం మీద లేనిది ఉందంటారు, ఉన్నదాన్ని దాటిపోతారు.

ఈ ఇబ్బంది మన బళ్ళకే పరిమితం కాదు. కేంబ్రిడ్జిలో ఐ.ఏ. రిచర్డ్స్ కవుల పేర్లు చెప్పకుండా విద్యార్థులకు పద్యాలిచ్చి, వాళ్ళు రాసిన వ్యాఖ్యలను పరిశీలించి 1929లో ‘ప్రాక్టికల్ క్రిటిసిజం’ ప్రచురించాడు. బాగా చదువుకున్నవాళ్ళు కూడా పద్యాన్ని పక్కనబెట్టి తమ మనసులో ముందే ఉన్నదాన్ని చదువుకుంటారని ఆ పుస్తకం చూపించింది. భద్రాచలంలో రామదాసు పేరు దాచలేం. కాబట్టి పిల్లలు ఏం చెప్పినా “ఏ చరణంలో చూశావు?” అని అడగాలి. ఆ ఒక్క ప్రశ్నకు ఈ కీర్తన ఎంత గొప్పగా నిలబడుతుందో చూడండి.

పల్లవిలో రాముణ్ణి ఇకనైనా పలకమంటున్నాడు. అంటే అంతకుముందే పిలిచాడు, జవాబు రాలేదు. ఎన్నాళ్ళ నుంచో కీర్తన చెప్పదు. ఆ తర్వాత లెక్క మొదలవుతుంది. చుట్టూ ప్రాకారాలు, వాటికి పదివేల వరహాలు. భరతుడికి పచ్చల పతకం, పదివేలు. శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, పదివేల మొహరీలు. లక్ష్మణుడికి ముత్యాల పతకం, సీతమ్మకు చింతాకు పతకం, మళ్ళీ అంతే. ఎవరికి, ఏ వస్తువు, ఎంత అయింది: రాసే పద్ధతి అచ్చంగా తహసీల్దారుదే. అయితే గుడి ప్రాకారానికీ మెడలో పతకానికీ ఒకే ఖర్చు ఎలా అవుతుంది? తొమ్మిదో తరగతి పిల్లలు ఈ ప్రశ్న వేస్తే వాళ్ళను మెచ్చుకోవాలి. పాటలో అంకె ఒదగడానికి అలా అన్నాడనవచ్చు, దుఃఖంలో ఉన్న మనిషి ఒకే మాటను పదేపదే అంటున్నాడనవచ్చు. రెండింటికీ కీర్తనలో ఆధారం ఉంది. ఏది ఎక్కువ నప్పుతుందో తరగతి వాదించుకోవాలి.

వరసను కూడా గమనించండి. బయటి ప్రాకారం, తమ్ముళ్ళు, సీతమ్మ, చివరకు రాముడు. దర్శనానికి వచ్చిన మనిషి లోపలికి నడుస్తున్నట్టే చరణాలు సాగుతాయి. రాముడి ముందుకు రాగానే పద్ధతి తప్పుతుంది. కలికితురాయి చేయించానంటాడు, వెల మాత్రం చెప్పడు. వాడుకలో ఉన్న పాఠంలో అంతవరకు ప్రతి వస్తువుకూ ఉన్న వెల ఆ ఒక్కదానికే లేదు. చెప్పలేకపోయాడా, చెప్పడం ఇష్టం లేకపోయిందా? నాకైతే కోపం లెక్కను మించిపోయిందనిపిస్తుంది, ఎందుకంటే ఆ తర్వాత వచ్చేది తిట్టే. ఇవి నీ తండ్రి దశరథుడు పెట్టాడా, మామ జనకుడు పంపాడా అని నిలదీస్తాడు. ఆ ఇద్దరి పేర్లే ఎత్తాడు గానీ ఆ సొమ్ము ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం చెప్పలేదు. పరగణా రైతు కట్టిన శిస్తు ఊసు కీర్తనలో ఎక్కడా లేదు. ఆయన్ని ఖైదుకు పంపిన విషయమే పాటలో మౌనంగా ఉండిపోయింది. పిల్లలకు నేర్పవలసిన ఊహ ఇలాంటిదే: చెప్పిన రెండింటిని బట్టి చెప్పని మూడోదాన్ని పట్టుకోవడం.

చివరికి తిట్టానని బాధపడవద్దని రాముణ్ణే ఓదారుస్తాడు. దెబ్బలకు ఓర్వలేక అన్నానంటాడు. పాడుతున్న మనిషి ఏ స్థితిలో ఉన్నాడో అక్కడిదాకా మనకు తెలియనివ్వడు. చెర, సంకెళ్ళు, గోలకొండ అన్న మాటలు ఒక్కటీ రావు. దెబ్బలన్న ఒక్క మాటతో మొదటి నుంచి మళ్ళీ చదవవలసి వస్తుంది. ఆ లెక్కలన్నీ అప్పుడు వేరుగా వినబడతాయి. ఇంత తేలిక తెలుగులో ఇంత పనితనం అరుదు.

దీన్ని నిందాస్తుతి అని ఒక్క ముక్కలో తేల్చేసి తాత్పర్యం బట్టీ పట్టించడం వల్ల మనం చాలా పోగొట్టుకుంటున్నాం. పేరు పెట్టగానే వెతకడం ఆగిపోతుంది. ఏజెన్సీలో ఇంట్లో కోయ మాట్లాడే పిల్లలకైతే ఈ కీర్తన మరీ అనువైనది. వరహా, మొహరీ, మొలతాడు, కలికితురాయి వంటి నాలుగైదు మాటలు విప్పి చెబితే మిగతాదంతా వాళ్ళకు అందుతుంది. ముందు కోయలోనే చర్చించుకొని తర్వాత తెలుగులో రాసినా నష్టం లేదు. ఊహించే శక్తి ఏ భాషలో మొదలైనా ఊహే.

రామదాసు చేయించినవని చెప్పే నగలను నేటికీ భద్రాచలం కల్యాణంలో దేవుడికి అలంకరిస్తారు. వాటిని చూపించేముందు తెలుగు మాస్టార్లూ, ఒక్క పీరియడు కేటాయించండి. గైడు మూయించి, కీర్తన కాగితం చేతికిచ్చి, ప్రతి జవాబు పక్కన అది ఏ చరణంలో దొరికిందో రాయమనండి.