తూటా పొడవు: పట్టికలోని అంకె ఏం చెబుతుంది?

అమెరికాలో వేటగాళ్లు, గురి పోటీల్లో పాల్గొనేవారు చాలామంది తమ రైఫిల్ తూటాలను తామే తయారు చేసుకుంటారు. ఒకసారి పేల్చిన ఇత్తడి కేసును శుభ్రం చేసి, కొత్త ప్రైమరు అమర్చి, మందు తూచి పోసి, పైన గుండును నొక్కి బిగిస్తారు. మన దేశంలో 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఇలా చేయడం నేరం. అయినా ఈ పనిలో ఎదురయ్యే ఒక ప్రశ్న విజ్ఞానశాస్త్ర విద్యార్థులు ఆలోచించదగ్గది. గుండును కేసులోకి ఎంత లోతుకు దించాలి? అంటే, తూటా మొత్తం పొడవు ఎంత ఉండాలి?

గుండ్లు, మందు అమ్మే సంస్థలు ప్రచురించే చేతిపుస్తకాలు దీనికి ఒక అంకెతో జవాబిస్తాయి. ఆ అంకెను అర్థం చేసుకోవడంలో ఒక పొరపాటు, దాన్ని 'మెరుగుపరచడం'లో మరో పొరపాటు పాతుకుపోయాయి. వాటిని పరిశీలిద్దాం.

ఏ ప్రశ్నకు జవాబు?

1952లో వచ్చిన .308 వించెస్టర్ తూటానే తీసుకుందాం. అమెరికా తయారీదారుల ప్రమాణాల సంస్థ 'సామీ' దీనికి నిర్ణయించిన గరిష్ఠ పొడవు 71.37 మి.మీ. ఏ కంపెనీ తూటా అయినా ఏ కంపెనీ రైఫిల్‌లోనైనా పట్టాలన్నది ఈ హద్దు ఉద్దేశం. గురి బాగా కుదిరే పొడవు ఇదేనని ఎవరూ చెప్పలేదు. చేతిపుస్తకంలో ఒక్కో గుండుకు ఇచ్చే పొడవు కూడా అలాంటిదే. 'మేం ఈ పొడవుతో పరీక్షించాం, ఈ ఫలితాలు వచ్చాయి' అన్నంతవరకే దాని అర్థం. ఆ వివరణ పుస్తకం ముందు అధ్యాయాల్లో ఉంటుంది. పాఠకుడు తెరిచేది మాత్రం పట్టిక పేజీ!

కొలతలోనూ ఒక చిక్కుంది. మొత్తం పొడవును కేసు అడుగు నుంచి గుండు కొన వరకు కొలుస్తారు. కానీ గొట్టం లోపలి గాళ్ల మధ్య ఉండే గట్లను ముందుగా తాకేది ఆ కొన కాదు, దాని వెనక వంపులో గుండు లావెక్కే చోటు. బోలు కొన ఉన్న గుండ్లలో, ఒకే పెట్టెలోని వాటి కొనలు కూడా మిల్లీమీటరులో పదో వంతుల మేర తేడాగా ఉంటాయి. కాబట్టి రెండు తూటాల మొత్తం పొడవు సమానమైనా, గట్లకు వాటి దూరం సమానం కాకపోవచ్చు. పైగా పేలుస్తున్నకొద్దీ వేడి వాయువులకు గట్ల మొదలు అరిగి ముందుకు జరుగుతుంది. నిరుడు కొలిచిన దూరం ఈ ఏడు చెల్లదు.

ఇది గురికి సంబంధించిన సంగతి మాత్రమే కాదు. గుండు గట్లకు ఆనుకొని ఉంటే అది కదలడానికే ఎక్కువ బలం కావాలి, పీడనం పెరుగుతుంది. మరీ లోతుగా దించితే మందు మండే చోటు ఇరుకవుతుంది. అప్పుడూ పీడనం పెరగవచ్చు. చిన్న పిస్తోలు తూటాల్లో ఈ రెండో ప్రమాదం మరీ తీవ్రం. అందుకే పొడవు మార్చినవారు పాత మందు కొలతను అలాగే నమ్మకూడదు.

మూడు గుళ్ల తీర్పు

ఇక రెండో పొరపాటు. అయిదు వేర్వేరు పొడవులతో మూడేసి తూటాలు పేల్చి, కాగితంపై రంధ్రాలు దగ్గరగా పడిన పొడవే 'ఉత్తమం' అని తేల్చేయడం చాలామందికి అలవాటు. గుంపులోని అతి దూరపు రెండు రంధ్రాల మధ్య దూరమే ఇక్కడ కొలమానం. అంటే మూడో గుండు ఎక్కడ పడిందన్న సమాచారం దాదాపు వృథా.

రంధ్రాలు సాధారణ వితరణను అనుసరిస్తాయనుకుంటే, మూడేసి గుళ్ల గుంపులు సగటున 20 మి.మీ. వచ్చే రైఫిల్‌తో, అవే తూటాలతో పదేసి పేలిస్తే గుంపులు సగటున 30 మి.మీ. దాటుతాయి. రైఫిల్ చెడిపోలేదు, మూడింటిలో దాని అసలు చెదురు మనకు కనపడలేదు, అంతే. ఏమీ మార్చకుండా పేల్చిన రెండు మూడు-గుళ్ల గుంపుల్లో ఒకటి రెండోదానికి రెట్టింపు ఉన్నా ఆశ్చర్యపోనక్కరలేదు. అలాంటప్పుడు పొడవు మార్చినందువల్లే గుంపు చిన్నదయిందని ఎలా చెప్పగలం?

ఇది కొత్త విషయమేమీ కాదు. అమెరికా సైన్యపు బాలిస్టిక్ పరిశోధనశాల శాస్త్రవేత్త ఫ్రాంక్ గ్రబ్స్ రైఫిల్ గురిని కొలిచే గణాంక పద్ధతులపై 1964లోనే ఒక చిన్న పుస్తకం రాశారు. గణాంకశాస్త్రం చదివేవారికి 'గ్రబ్స్ పరీక్ష'గా పరిచయమైన పేరు ఆయనదే.

పొడవు మారిస్తే గురి మారదని ఇక్కడ వాదన కాదు. కొన్ని ఆకారాల గుండ్లు గట్ల నుంచి దూరాన్ని బట్టి మంచిగానో చెడ్డగానో పడతాయని అనుభవజ్ఞుల మాట. ఆ మాట నిజమో కాదో తేల్చాలంటే ఒక్కో పొడవుకు చాలా తూటాలు కావాలి, ప్రతి రంధ్రమూ లెక్కలోకి రావాలి, గెలిచిన పొడవును మరో రోజు మళ్లీ పరీక్షించాలి. ఖర్చు ఎక్కువే. ఆ ఖర్చు పెట్టలేనివారు 'తెలియదు' అనడమే నిజాయితీ.

ఈ సంగతిని మీరు తుపాకి లేకుండానే పరీక్షించవచ్చు. ఒకేలాంటి అయిదు పాచికలకు వేర్వేరు రంగుల చుక్కలు పెట్టండి. ఒక్కోదాన్ని మూడుసార్లు వేసి మొత్తాలు రాయండి. ఎక్కువ వచ్చినదాన్ని 'మంచి పాచిక' అనండి. తర్వాత అన్నింటినీ మళ్లీ మూడేసి సార్లు వేయండి. మీ 'మంచి పాచిక' మళ్లీ గెలిచిందా? ఇలా పదిసార్లు చేసి, ఎన్నిసార్లు గెలిచిందో లెక్క రాసిపెట్టుకోండి.